చెన్నైకి వారం రోజుల యాత్ర: ఏర్పాట్లు బాగున్నాయి, వారాల లెక్కే తప్పింది

సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాత, ఫిబ్రవరి మొదటి వారంలో, మా అమ్మ, నా భార్య, పదేళ్ల కూతురితో కలిసి చెన్నైలోనూ ఆ చుట్టుపక్కలా వారం రోజులు గడిపి వచ్చాము. ఏర్పాట్లన్నీ ఒడిశాలోని మా బరంపురంలో ఉన్న ఒక చిన్న ప్రయాణ సంస్థకు అప్పగించాము. రానూపోనూ థర్డ్ ఏసీ టికెట్లు, ఎగ్మోరు సమీపంలో ఆరు రాత్రులకు రెండు గదులు, నాలుగు రోజులకు డ్రైవరుతో కారు కలిపి నలుగురికీ 64,000 రూపాయలు తీసుకున్నారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని మన తెలుగు కుటుంబాలు ఇలాంటి ఏర్పాటు చేసుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నందువల్ల ఈ సమీక్ష రాస్తున్నాను.

ఊళ్లన్నీ ఉండగా చెన్నైకే ఎందుకు వెళ్లామంటే, అది అమ్మ కోరిక. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు ప్రావిన్సుగా ఏర్పడేవరకూ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లాగా ఉండేది. మా ఇంట్లోని పాత భూమి కాగితాల మీద ఉన్నది మద్రాసు ప్రభుత్వ ముద్రే. అమ్మ ఇప్పటికీ చెన్నై అనదు. మద్రాసు అనే అంటుంది. ఒకప్పుడు మన రాజధానిగా ఉన్న నగరాన్ని కాళ్లు ఆడుతుండగానే చూడాలని ఆమె ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది.

సంస్థవారి పనిలో ముందుగా మెచ్చుకోవలసింది కాలం విషయంలో వారిచ్చిన సలహా. నేను దసరా సెలవులు అనుకున్నాను. యజమాని వెంటనే, "మాస్టారూ, అమ్మగారిని వెంటబెట్టుకుని వానల్లో తిరగలేరు, ఫిబ్రవరిలో వెళ్లండి" అన్నారు. చెన్నైకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తెచ్చిన ముంపు అందరికీ గుర్తున్నవే. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానును అనుభవించిన మాకు ఆ మాట రెండోసారి చెప్పించుకోవలసిన అవసరం రాలేదు. కోరమండల్‌లో రాత్రి ఎక్కి మరునాటి సాయంత్రానికి సెంట్రల్‌లో దిగాము. అమ్మకు కింది బెర్తే దొరికింది. గదులు శుభ్రంగా ఉన్నాయి, డ్రైవరు నెమ్మదిగల మనిషి.

లోపమల్లా ఏ రోజు ఏది చూడాలన్న పట్టికలో ఉంది. సోమవారం మైలాపూరు కపాలీశ్వర ఆలయం, తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి, సాయంకాలం మెరీనా అనుకున్నట్టుగానే జరిగాయి. మంగళవారం మహాబలిపురం వెళ్లే దారిలో ముత్తుకాడు వద్ద దక్షిణచిత్ర చూడాలని పట్టికలో రాసి ఉంది. దక్షిణాది ఇళ్లను ఉన్న చోటు నుంచి విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టిన ఆ ప్రదర్శనశాలకు మంగళవారమే సెలవు. మూసిన గేటు ముందు నిలబడి మా అమ్మాయి కంట తడి పెట్టుకుంది. అప్పుడు పట్టికను మొదటినుంచీ చదివి, హోటలు వారిని అడిగితే, శుక్రవారానికి రాసిన ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవని తేలింది. ఊరూరా యాత్రలు నడిపే సంస్థకు ఈ రెండు సెలవు రోజులు తెలియకపోవడం చిన్న పొరపాటు కాదు.

మహాబలిపురం మాత్రం ఆ బాధను మరిపించింది. పురావస్తు శాఖ వారి 40 రూపాయల టికెట్టు ఒక్కటే తీర ఆలయానికీ పంచ రథాలకూ చెల్లుతుంది. అర్జున తపస్సు అనే కొండశిల్పానికి టికెట్టు అక్కరలేదు. ముందుగా తెలుసుకోకుండా వెళితే ఆ శిల్పంలో ఏనుగులను మాత్రమే చూసి వచ్చేస్తాము. ఏనుగు దంతాల దగ్గర ఒంటికాలి మీద చేతులెత్తి తపస్సు చేస్తున్న పిల్లిని, దాని ముందు నమ్మకంగా చేరిన ఎలుకలను తప్పక వెతికి చూడాలి. మనం కొంగజపం అంటాము కదా, పల్లవ శిల్పి దానిని పిల్లికి అప్పగించాడు. మా అమ్మాయి అక్కడినుంచి కదలనంటే అరగంట కూర్చున్నాము. పంచ రథాలను పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి చివరి పని పూర్తి చేయకుండానే వదిలేశారు. అందువల్ల పని ఎలా సాగిందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఇంత చూడవలసినచోట సంస్థవారు మూడు గంటలు మాత్రమే కేటాయించారు. ఒక రాత్రి మహాబలిపురంలోనే బస ఏర్పాటు చేసి, పొద్దుటి వెలుగులో తీర ఆలయాన్ని చూపించి ఉంటే, అదే డబ్బుకు ఎంతో ఎక్కువ దక్కేది.

బుధవారం కాంచీపురం. ఉదయం ఫలహారం ముగిశాక 9.30కి కారు బయలుదేరేటట్టు రాశారు. దూరం 75 కిలోమీటర్లే అయినా దారి రద్దీ వల్ల చేరేసరికి 12 దాటింది, గుళ్ల తలుపులు మూశారు. తమిళనాట పెద్ద గుళ్లు మధ్యాహ్నం మూసి సుమారు 4 గంటలకు గానీ తెరవరు. కాబట్టి కాంచీపురానికి 6 గంటలకల్లా బయలుదేరక తప్పదు. ఆ నాలుగు గంటలూ పట్టు చీరల దగ్గర గడిచాయి. అంచును, ఒంటిని వేరువేరు రంగుల్లో నేస్తూ కలిపే కోర్వై పనిని ఒక నేతగాని ఇంట్లో చూశాము. బరంపురం పట్టు అంచున గుడి శిఖరాల వరుసలా ఉండే ఫోడా కుంభం చూస్తూ పెరిగిన అమ్మ, అంచును వేలితో తడిమి, తిరగేసి, చాలాసేపు చూసింది. సాయంత్రం కామాక్షి దర్శనం మాత్రమే అయింది.

గురువారం విశ్రాంతి కోసం వదిలిన రోజు. దానిని మ్యూజియానికి మార్చుకున్నాము. యాత్ర మొత్తంలో నా మనసుకు అతి దగ్గరైన చోటు ఇదే. 1851లో ఏర్పడిన ఈ మ్యూజియంలో కంచు విగ్రహాల కోసం వచ్చేవారే ఎక్కువ, తిరువాలంగాడు నటరాజు ఉన్నది ఇక్కడే. అయితే తెలుగువారు ముందు అడగవలసింది అమరావతి శిల్పాల గది. 1845లో గుంటూరు ప్రాంతంలో అధికారిగా ఉన్న వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం వద్ద తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం ఆ తరువాత లండన్‌కు వెళ్లిపోయింది. మిగిలినవాటిలో నలగిరి అనే మదపుటేనుగు వీధిలో విరుచుకుపడి, బుద్ధుని ఎదుట మోకరిల్లే గుండ్రని ఫలకం ఉంది. ఒకే వృత్తంలో భయమూ శాంతీ రెండూ కనిపిస్తాయి. ఏనుగు తొండానికి చిక్కిన మనిషి, కిటికీల నుంచి తొంగిచూసే జనం, ఒకరినొకరు పట్టుకున్న స్త్రీలు అన్నీ అరచేతంత జాగాలో ఇమిడిపోయాయి. ఆ రాతిముందు నిలబడి మా అమ్మాయికి తెలుగులో ఆ కథ చెప్పగలిగాను. ఒడియా బడిలో చదివే పిల్లకు ఆ క్షణం ఎంత విలువైనదో మా ప్రాంతంవారికి విడమరిచి చెప్పనక్కరలేదు.

శుక్రవారం కారు ఖాళీగా ఉండడంతో ఉత్తరాన పులికాట్ సరస్సుకు వెళ్లాము. మన దేశపు ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తరువాత ఇదే పెద్దది. చిలికా ఒడ్డున రంభలో పుట్టిన అమ్మ, పడవల తీరు చూసి, గాలి వాసన చూసి, పుట్టింటికి వచ్చినట్టుందన్నది. ఊళ్లో పాత డచ్చివారి సమాధులు ఉన్నాయి. అదనపు దూరానికి డ్రైవరు 1,800 రూపాయలు తీసుకున్నాడు.

శనివారం ఉదయం సెయింట్ జార్జి కోట. 1644 నాటి ఈ కోటలోనే ఇప్పటి శాసనసభ, సచివాలయం ఉన్నాయి. గుర్తింపు కార్డు వెంట ఉండాలి. గంజాం ఉత్తర్వులు ఒకప్పుడు ఇక్కడినుంచే వెలువడేవని చెబితే, అమ్మ కోట గోడకు చేయి ఆనించి కాసేపు నిలబడింది. ఆ సాయంత్రమే హౌరా మెయిల్ ఎక్కాము.

తిరిగి వచ్చాక పట్టికలోని తప్పులను కాగితం మీద రాసి సంస్థ యజమానికి ఇచ్చాను. ఆయన వాదించలేదు. పులికాట్‌కు మేము కట్టిన 1,800 రూపాయలు తిరిగి ఇచ్చి, ఆ కాగితాన్ని తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. టికెట్లు, గదులు, కారు కోసం మళ్లీ ఆయన దగ్గరికే వెళతాను. రోజుల పట్టిక మాత్రం నేనే వేసుకుంటాను. కాంచీపురం కైలాసనాథుని గుడి, ముత్తుకాడులోని ఆ ఇళ్లు మాకింకా బాకీ ఉన్నాయి.