కోలాటానికి కొత్తవారు: ముందు నేర్పాలా, నేరుగా కలుపుకోవాలా?

దేవుని కడపలో రథసప్తమి ముగిసిన మర్నాటి నుంచి మా బృందంలో ఎవరో ఒకరికి ఫోను వస్తూనే ఉంటుంది. "మేమూ రావచ్చా? మాకు ఏమీ రాదు మరి" అని. రమ్మనడం సులువే. వచ్చినవారిని ఎక్కడ నిలబెట్టాలన్నదే మాలో తెగని తగవు. అన్ని పద్ధతులూ చూసి ఒకదానికి వచ్చాం కాబట్టి రాస్తున్నాను.

మొదటిది విడిగా నేర్పడం. నెల రోజులు, సాయంత్రం ఓ గంట, కొత్తవారికి మాత్రమే. అడుగు కుదురుతుంది, కోల పట్టు కుదురుతుంది, పాతవారి ముందు తప్పుతామన్న బిడియం ఉండదు. అంతా నిజమే. కానీ తాళం తెలియని ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే ఒకరి తప్పు మరొకరికి ఒప్పుగా తోస్తుంది. ఎలాగో నేర్చుకుని పెద్ద వలయంలోకి వస్తే అక్కడ ఎవరి జత వారికి ఉంటుంది. మళ్లీ కొత్తే.

రెండోది తొలిరోజే వలయంలోకి తీసుకోవడం. నా మొగ్గు దీనికే, అయితే జతల సంగతి ముందు తేల్చుకోవాలి.

కోలాటంలో చిక్కంతా జతలోనే ఉంది. నా కోల ఎదుటివారి కోలకు తగలాలి. అందుకే జనం సరి సంఖ్యలో ఉండాలి. పదహారు మంది ఆడుతున్న చోటికి ఒక్కరు వస్తే ఆ మనిషి బేసి. పోయిన శ్రావణంలో మా వీధి రామాలయానికి అలాగే ఒకామె వచ్చారు. కోలల మీద ధర చీటీ కూడా ఊడలేదు. "ఈ పాట కానీయమ్మా, కూర్చో" అన్నాం. నాలుగు పాటలయ్యాయి. ఆమె మెట్టు మీద కూర్చుని ఆ చీటీని గోటితో గీకుతూ ఉన్నారు. ఐదో పాటకు చూస్తే మెట్టు ఖాళీ. అడుగు రాక వెళ్లిపోలేదు, ఎదుట నిలబడేవారు లేక వెళ్లిపోయారు.

ఇప్పుడు మాలో ఎవరికీ సొంత జత లేదు. జత మారే కోపులే (అడుగుల, దెబ్బల వరసలే) ముందు వేస్తాం. సొంత కోలలు, ఎదుటివారి కుడికోల, ఎడమకోల, ఒక అడుగు పక్కకు, మరో మనిషి. లోపలి వలయం ఒకవైపు, బయటి వలయం మరోవైపు తిరుగుతాయి కదా, లోపలివారికి ఎదురయ్యేది ఎప్పుడూ బయటివారే. కొత్తవారిని లోపల పెట్టి, బయట అంతా పాతవారే ఉంటే చాలు, తప్పిన తాళాన్ని వచ్చే మనిషి అందిస్తుంది. లోపల నడక తక్కువ, తాళం వేసేవారు దగ్గర. మొదటి మూడు పాటలకు చివర వేగం పెంచం. వేళ్ల మీద దెబ్బలు పడేది అప్పుడే. చప్పగా ఉందని పాతవారు సణుగుతారు, సణగనివ్వండి.

పక్కన చిన్న వలయం వేసి "చూస్తూ నేర్చుకోండి" అనడం కూడా ఉంది. మెట్టు మీద కూర్చోబెట్టడానికి అది మర్యాదైన పేరు. పైనుంచి వేలాడే తాళ్లను జడలా అల్లుతూ ఆడే జడకోలాటం జోలికి కొత్తవారితో వెళ్లకండి. ఒకరు దారి తప్పితే తాళ్లన్నీ చిక్కుపడతాయి. నవరాత్రుల దాండియాలోనూ జత సమస్య ఇదే, వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకంటే చెక్కభజన నయం కదా అని అడిగేవారున్నారు. ఒక లెక్కన నిజమే. చెక్కలు ఎవరి చేతిలోవి వారే మోగించుకోవాలి, జత లేదన్న దిగులు లేదు. కానీ ఆ గంతులు, ఆ వంగడాలు మోకాళ్లు గట్టిగా ఉన్నవారికే. మా ఊళ్లలో గురువును పిలిపించుకుని నెలల తరబడి సాధన చేశాకే గుడి ముందు ఆడతారు. తొలిరోజే కలుపుకునే వీలు అందులో తక్కువ.

బేసి లెక్క మాత్రం నేటికీ వస్తూనే ఉంటుంది. అప్పుడు కొత్తవారు కాదు, పాతవారిలో ఒకరు తప్పుకుని తాళం వేయాలన్నది మా కట్టుబాటు. మొన్న శనివారం పదిహేడు మంది వచ్చారు. ఆ వంతు నాకే పడింది. రెండో పాటలో తాళం తప్పానని ఇంకా అంటూనే ఉన్నారు.