తెలుగు, ఒడియా డీటీపీ బల్ల మీద స్ట్రీమ్ డెక్

బరంపురం, పర్లాకిమిడి డీటీపీ షాపుల్లో ఒకే సిస్టమ్ మీద తెలుగు పెళ్లికార్డు, ఒడియా కరపత్రం నడుస్తాయి. అలాంటి చోట ఎల్గాటో స్ట్రీమ్ డెక్ ఎంకే.2 బాగా అక్కరకొస్తుంది. ఇది కంప్యూటర్‌కి తగిలించే మీటల పెట్టె, ఏ మీట ఏం చెయ్యాలో మనమే పెట్టుకోవచ్చు. 15 మీటలు, ఒక్కోదానిమీద 72×72 పిక్సెళ్ల బొమ్మ. యూనికోడ్ టైపింగ్‌లో భాష మార్చే మీటకి విండోస్+స్పేస్ ఇవ్వకండి. మూడు భాషలుంటే అది వరసగా తిప్పుతుంది, ఎక్కడ ఆగిందో మీటకేం తెలుసు? విండోస్ సెట్టింగుల్లో తెలుగుకి కంట్రోల్+షిఫ్ట్+1, ఒడియాకి కంట్రోల్+షిఫ్ట్+2 కేటాయించి, వాటినే డెక్ మీటలకి హాట్‌కీలుగా (షార్ట్‌కట్‌లుగా) పెట్టండి. మల్టీ యాక్షన్‌తో, అంటే ఒక్క మీటతో వరసగా చాలా పనులు చేయించే పద్ధతిలో, ఫైలు తెరిచి ప్రింట్ కొట్టించాలంటే నడుమ డిలే (కాస్త ఆగే సమయం) తప్పదు, లేకపోతే కమాండ్ పాత విండోకి పోతుంది. బరువు ఫైలైతే డిలే ఇంకా పెంచాలి. మీటమీద ‘పెళ్లికార్డు’ అని టైటిల్ కొడితే వత్తులు ఇరుక్కుపోతాయి. ‘పెళ్లి’ అని లావు అక్షరాలతో 144×144 పిక్సెళ్ల పీఎన్‌జీ బొమ్మ చేసి వెయ్యండి. కంప్యూటర్లో స్ట్రీమ్ డెక్ సాఫ్ట్‌వేర్ మూసేస్తే మాత్రం అది ఉత్త పెట్టె.