సాక్సుల పరీక్షకు నాలుగు దారులు: అనంతగిరి దుమ్ము, అలిపిరి మెట్లు, తలకోన నీళ్లు, వంజంగి మంచు

దుకాణంలో తొడిగి చూస్తే ప్రతి సాక్సూ బాగానే ఉంటుంది. లోపల చెమట పట్టి, దుమ్ము చేరి, పాదం కాస్త ఉబ్బాక గానీ దాని గుణం తెలియదు. పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు పరుగెడితే తేలే సంగతి కాదిది. దుమ్ము, రాపిడి, నీళ్లు, చలి: ఈ నాలుగింటికీ తలా ఒక దారి తెలుగు రాష్ట్రాల్లోనే దొరుకుతుంది. ఇంకో మాట ముందే చెప్పాలి. రెండు రోజుల నడకలో రెండో రోజు లేచే బొబ్బకు చాలాసార్లు మొదటి రాత్రి బసే కారణం. ఆరని సాక్సు వెయ్యి రూపాయలదైనా వందదైనా ఒకటే. అందుకే ఇక్కడ గదులకు మార్కులు పరుపును బట్టి కాదు, ఫ్యానునీ దండేన్నీ బట్టి.

పద్ధతి సులువే. షూ మార్చకుండా ఎడమ కాలికి ఒక రకం, కుడి కాలికి ఇంకో రకం వేయాలి. మర్నాడు అటుదిటు మార్చాలి. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉన్నవాళ్లు తక్కువ. మార్చకపోతే పాదం తప్పు సాక్సు మీదికి పోతుంది. ప్రతి 5 కిలోమీటర్లకూ ఆగి, సాక్సు విప్పి, మడమ వెనక, బొటనవేలి పక్క, చిటికెన వేలి కింద చూడాలి. ఎర్రబడిన చోట వేలు పెడితే చుట్టుపక్కల కంటే వేడిగా తగులుతుంది. బొబ్బ రాబోతోందని అర్థం. టేపు వేయాల్సింది అప్పుడే. చర్మం తుడిచి, ఆరనిచ్చి, టేపు మూలలు గుండ్రంగా కత్తిరించి అంటించాలి. చదరంగా ఉంచితే మూల లేచి, సాక్సుకు తగులుకుని, కొత్త బొబ్బకు దారి తీస్తుంది.

బొబ్బ ఎందుకు వస్తుందో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. చర్మం పూర్తిగా పొడిగా ఉన్నా, బాగా తడిసినా జారుతుంది. కొద్దిగా చెమ్మగా ఉన్నప్పుడే గుడ్డను గట్టిగా పట్టుకుంటుంది. పైచర్మం అక్కడే అతుక్కుని ఉంటే లోపల ఎముక అడుగడుక్కీ ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ లాగుడుకు మధ్య పొర చీలి నీరు చేరుతుంది. సాక్సు చేయాల్సిన పనులు రెండే: చెమ్మను పాదం దగ్గర నిలవనీయకపోవడం, ఆ కదలికను తన మీదికి తీసుకోవడం.

దుమ్ముకు అనంతగిరి. హైదరాబాదు నుంచి 80 కిలోమీటర్ల లోపు. లింగంపల్లి మీదుగా వెళ్లే రైలెక్కి వికారాబాద్ జంక్షన్‌లో దిగితే అనంతపద్మనాభస్వామి గుడి దాకా ఆటోలు దొరుకుతాయి. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. నేల ఎర్రటి లాటరైటు. జనవరి దాటితే అది పిండిలా మెత్తబడి, జాలీ ఉన్న ట్రెయిల్ షూలోకి సులువుగా దిగిపోతుంది. సాక్సు లోపలి వైపు తిప్పి చూడండి. టర్కీ తువ్వాలులా చిన్న చిన్న ఉంగరాలు ఉంటాయి, మెత్తదనం వాటిదే. ఎర్రదుమ్ము కూరుకునేదీ వాటిలోనే. చెమటతో కలిసి గట్టిపడ్డాక ఆ మెత్తటి భాగమే గరుకు కాగితంలా అరికాలిని గీకుతుంది. కాబట్టి ఇక్కడ మందపాటి సాక్సు కంటే పల్చగా, దగ్గర అల్లికతో ఉన్న నైలాన్ మిశ్రమమే నయం. చీలమండ కిందికి ఆగిపోయే పొట్టి సాక్సు మాత్రం వద్దే వద్దు. మడమ వెనక సందులోంచి మట్టి తిన్నగా లోపలికి పోతుంది. చీలమండ పైన నాలుగు వేళ్ల ఎత్తు ఉండాలి, షూ నోటిని కప్పే గుడ్డ తొడుగు, గెయిటర్, ఉంటే ఇంకా మంచిది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఇదే దారిలో ఇంకో పీడ, ఉత్తరేణి గింజలు. ఉన్ని సాక్సుకు అంటుకుంటే ఒక్కొక్కటీ గిల్లి తీయాల్సిందే. లాగితే దారం లేస్తుంది. నున్నటి నైలాన్ మీద చేత్తో గట్టిగా దులిపితే చాలావరకు రాలిపోతాయి. పల్లేరు కాయకు మాత్రం ఏ సాక్సూ అడ్డం కాదు. ఉదయం రైలుకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు కాబట్టి ఇక్కడ బస అవసరం లేదు. ఉండాలనుకుంటే రాష్ట్ర పర్యాటక సంస్థ హరిత రిసార్టు ఉంది, ప్రైవేటు క్యాంపులూ ఉన్నాయి. డేరాల్లో మాత్రం ఆరేయడానికి తాడు మీరే తీసుకెళ్లాలి, మూడు మీటర్ల నైలాన్ తాడు చాలు.

అలిపిరి దారిది వేరే లెక్క. దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. చెప్పులు విడిచి ఎక్కే దారి ఇది. ఎండ వేళ కొందరు ఉత్త సాక్సులతో ఎక్కుతారు. సాక్సు మన్నికకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదు, షూలో కొన్ని నెలల్లో అరిగేది ఇక్కడ ఒక్క ఎక్కుడులో అరుగుతుంది. గాలిగోపురం చేరేసరికి వేళ్ల కింది మెత్త దగ్గర గుడ్డ పల్చబడిందంటే దానిలో నైలాన్ తక్కువని తెలుసుకోవచ్చు. అయితే నున్నటి రాతి మీద, అదీ తడిగా ఉంటే, సాక్సుతో కాలు జారుతుంది. దిగేటప్పుడు విప్పేసి వట్టి కాళ్లతో దిగడమో, బస్సు పట్టుకోవడమో మంచిది. సేవల్లో ఈ దారికి సాటి లేదు. దారి పొడవునా చాలా చోట్ల పైకప్పు, తాగునీరు, మరుగుదొడ్లు ఉన్నాయి. కింద ఇచ్చిన సామాను ఉచితంగా కొండ మీద చేరుతుంది. చిరుతల వల్ల 2023 నుంచి పిల్లలతో నడిచేవారికి వేళల ఆంక్షలు మొదలయ్యాయి, వెళ్లే ముందు అప్పటి నిబంధన కనుక్కోవాలి. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే, దూరం 2.1 కిలోమీటర్లు. పరీక్షకు చిన్నది.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది తలకోన. శేషాచలం అడవిలో 270 అడుగుల జలపాతం, తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా వెళ్లాలి. నీళ్లు బాగుండేది ఈశాన్య రుతుపవనాల తర్వాత. వాగు వెంట నడిస్తే రాళ్లు దాటుతూ పాదం పదే పదే మునుగుతుంది. మునగడంతో ఇబ్బంది లేదు, చిక్కంతా ఆ తర్వాతి అరగంటది. కాటన్ సాక్సు నీళ్లు పట్టుకుని బరువెక్కి, సాగి, మడమ జేబు, అంటే మడమ కూర్చునే ఒంపు, కిందికి జారుతుంది. అరికాలి కింద ఒక ముడత పడుతుంది. ఆ ముడతే బొబ్బ. పల్చటి పాలియెస్టర్, నైలాన్ సాక్సు నాలుగడుగుల్లో నీటిని షూ జాలీలోంచి బయటికి తోసేస్తుంది, కానీ చల్లగా తగులుతుంది. మెరినో ఉన్ని మిశ్రమం నిదానంగా ఆరినా చల్లదనం తెలియనివ్వదు. ఆ పీచు తన బరువులో దాదాపు 30 శాతం ఆవిరిని లోపలికి లాక్కుని కూడా పైకి తడిగా అనిపించదు. వాసన కూడా తక్కువ, రెండో రోజు పక్కవాళ్లు గుర్తిస్తారు. వాటర్‌ప్రూఫ్ సాక్సులు ఇక్కడ దండగ. మోకాలి లోతు దాటితే పైనుంచి నీళ్లు దూరి లోపలే నిలుస్తాయి.

వేళ్లకు వేళ్లు విడిగా ఉండే సాక్సులు, ఇంజింజి కంపెనీవి లాంటివి, వేళ్ల సందుల్లో బొబ్బలొచ్చే వారికి నిజంగా మేలు చేస్తాయి. కానీ తడిసిన వేళ్లకు వాటిని తొడగడం ఓపిక పని, పైగా షూ ముందు భాగం వెడల్పుగా లేకపోతే వేళ్లు నొక్కుకుంటాయి. వాగు దారికి కాదు, పొడి నేల మీద పొడవాటి పరుగుకు వాడుకోవాలి.

తలకోనలో అటవీ శాఖ బస ఉంది, ముందే మాట్లాడుకోవాలి. అడవి మధ్య గదిలో గాలిలోనే చెమ్మ. సాక్సును ఆరేస్తే సరిపోదు. తువ్వాలు పరిచి, సాక్సు దాని మీద పెట్టి, చాపలా గట్టిగా చుట్టి, ఆ చుట్ట మీద రెండు నిమిషాలు నిలబడాలి. సగానికి పైగా తడి తువ్వాలుకు పోతుంది. తర్వాత లోపలి వైపు బయటికి తిప్పి ఫ్యాను కింద. కరెంటు పోతే ఫ్యానూ పోయినట్టే, అందుకే రెండో జత సంచిలో ప్లాస్టిక్ కవరులో ఉండాలి. తిరుపతిలో లాకరు మాత్రమే తీసుకునేవారికి ఆరేసుకునే చోటు ఉండదు, తడి సాక్సుల రోజు గది తీసుకోవడమే మేలు.

వంజంగి చలికి. పాడేరు నుంచి తెల్లవారుజామున బయల్దేరి, బండి ఆగిన చోట నుంచి నిటారుగా ఎక్కాలి. నవంబరు నుంచి జనవరి దాకా గడ్డి మీద మంచు షూను తడిపేస్తుంది, పైన మబ్బుల కోసం కదలకుండా నిలబడాలి. వేళ్లు గడ్డకట్టేది ఆ నిలబడినప్పుడే. మధ్యస్థ మందం మెరినో ఇక్కడ నెగ్గింది. రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం తప్పు, షూ బిగిసి రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది. దిగేటప్పుడు పాదం ముందుకు జారి గోళ్లు నల్లబడతాయి. షూ పై చివరి రంధ్రాల్లో లేసు ఉంగరం కట్టి మడమ బిగించాలి, ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పాడేరు లాడ్జీల్లో అడగాల్సింది వేడినీళ్ల గురించి కాదు, గది కిటికీ ఎండ వైపు ఉందా అని.

కొనేటప్పుడు మడమ జేబు చూడండి. అది మడమ పైకి ఎక్కితే సైజు పెద్దది. వేళ్ల దగ్గర గిల్లితే అర అంగుళం కంటే ఎక్కువ గుడ్డ చేతికి రాకూడదు. వేళ్ల పైన కుట్టు గోరుకు తగలకూడదు. ఉతికేటప్పుడు తిరగేసి, గోరువెచ్చని నీళ్లలో, కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవం లేకుండా. అది పీచు మీద పూతలా పడి చెమట లాగే గుణాన్ని చంపుతుంది. వేజలీను రాసుకునేవారికీ ఇదే చిక్కు, జిడ్డు వదిలేదాకా రెండుసార్లు సబ్బు పెట్టాలి. మండుటెండలో వేస్తే సాగే దారం చచ్చిపోతుంది, నీడలో గాలికి చాలు.

చేయి సాక్సులో దూర్చి కిటికీ వెలుతురుకు పట్టుకోండి. మడమ దగ్గర గుడ్డలోంచి మీ చేతి వేళ్ల మధ్య సందులు కనబడితే ఆ జతను ఇక రైలు ప్రయాణాలకు ఉంచేయండి.