ఇంకో బోరా, వాన సంపా, ట్యాంకరా: అనంతపురం ఇంటికి ఏది మేలు?

బోరు మొరాయించింది. కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. చేతిలో కొంత డబ్బుంది. అనంతపురం శివార్లలో సొంత ఇల్లున్న చాలామంది ఈ స్థితిలో ఇంకో బోరు వైపే మొగ్గుతారు. తక్కినవాళ్లు ట్యాంకరు ఫోను నంబరు గోడ మీద రాసుకుని నిశ్చింతగా ఉంటారు. నా ఓటు మాత్రం సంపుకు, అందులోనూ వాన నీటి సంపుకు. కర్నూలులో ఏటి పక్క పల్లపు వీధుల వాళ్లకు ఇదే సలహా ఇవ్వను. వాళ్ల సంగతి వేరు, దానికి తర్వాత వస్తాను.

ముందు బోరు. ఈ జిల్లాలో చాలా చోట్ల కాళ్ల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగిలితే పండగ, తగలకపోతే పది అడుగుల పక్కన వేసినా దుమ్మే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని స్థలమంతా తిరిగే పెద్దమనిషి, అది లేచి నిలబడిన చోట ముగ్గు వేయిస్తాడు. భూగర్భ శాస్త్రం చదివినాయన నేలలో కడ్డీలు పాతి, కరెంటు పంపి, రాయి దాన్ని ఎంత అడ్డుకుంటోందో మీటరులో చూసి చెబుతాడు. ఆధారం ఉన్నది రెండో పద్ధతికే, అయినా అదీ హామీ కాదు. ఇక బండి వచ్చిన రాత్రి చూడాలి. వీధి వీధంతా తెల్లటి రాతి పొడి. కూలి అడుగుల లెక్కన కాబట్టి లోతుతో పాటు బిల్లూ దిగుతూనే ఉంటుంది. ఆరువందల అడుగుల దగ్గర "ఇంకో యాభై చూద్దాం సార్" అని బండి మనిషి అంటే, అప్పటికే అంత పోసిన ఇంటాయనకు వద్దనే ధైర్యం ఉండదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరు వేసే ముందు అనుమతి తీసుకోవాలన్న మాట ఆ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు.

సరే, నీళ్లు పడ్డాయనే అనుకుందాం. ఆపద వచ్చిన రోజున అవి పైకి వస్తాయా అన్నది అసలు ప్రశ్న. గాలివానకు స్తంభాలు ఒరిగి మూడు రోజులు కరెంటు లేకపోతే, ఆరువందల అడుగుల కింద ఉన్న నీళ్లు ఉన్నా లేనట్టే. వీధుల్లో కనిపించే ఇండియా మార్క్-2 చేతిపంపు తోడగలిగేది నూట యాభై అడుగుల లోతు వరకే. ఇంట్లో ఇన్వర్టరు ఉందిగా అంటారు. 150 ఏహెచ్ బ్యాటరీ నిండా ఛార్జయితే అందులో ఉండేది రెండు యూనిట్ల లోపు కరెంటు. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు తీసుకునేది ఎంతైనా, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. మామూలు ఇన్వర్టరు అక్కడే చేతులెత్తేస్తుంది. త్రీ ఫేజ్ మోటారైతే ఆ ఆలోచనే వద్దు.

పైకప్పు సోలారు పెట్టించుకున్నవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటున్నారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తోంది, బిల్లు తగ్గుతోంది, అంతవరకు మంచిదే. కానీ బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలారు, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్‌కు షాకు కొట్టకుండా అలా తయారుచేశారు. నడినెత్తిన ఎండ మండుతుంటే ఇంట్లో ఫ్యాను తిరగదు. పలకలు అమ్మేవాళ్లు ఈ ముక్క మనం అడిగితే తప్ప చెప్పరు.

ట్యాంకరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ట్రాక్టరు వెనక వచ్చే మామూలు ట్యాంకరులో ఐదు వేల లీటర్లు పడతాయి. మాఘమాసంలో పిలిస్తే గంటలో వస్తుంది. ఏప్రిల్లో "రేపు పొద్దున మొదటి ట్రిప్పు నీదేలే అక్కా" అంటాడు, ఆ రేపు రావడానికి నాలుగు రోజులు పడుతుంది, ధరా మారుతుంది. ఆ నీళ్లు ఏ బోరువో అతనికే తెలియాలి. పైగా అవి వచ్చినా పోసుకోవడానికి చోటుండాలి కదా. సంపు లేని ఇంటి ముందు ట్యాంకరు ఆగితే బిందెలు, బక్కెట్లు, స్నానాల గదిలోని గంగాళం నిండగానే మిగిలినవి పక్కింటికి. అంటే ట్యాంకరు సంపుకు పోటీ కాదు, సంపు ఉంటేనే ట్యాంకరుకు విలువ.

ఇక వాన లెక్క. అనంతపురంలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. దేశంలోనే అతి తక్కువ వానపడే జిల్లాల్లో మనది ఒకటి కాబట్టి ఈ లెక్క ఎవరూ వేయరు. వేసి చూస్తే కళ్లు తిరుగుతాయి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే లీటరు. రెండున్నర సెంట్ల మిద్దె అంటే సుమారు వంద చదరపు మీటర్లు. ఆవిరి, తొలివాన, చిల్లులు అన్నీ పోగా నూటికి ఎనభై పట్టగలిగితే ఏడాదికి 44,000 లీటర్లు. తొమ్మిది ట్యాంకర్లు, మన నెత్తి మీదే. సెప్టెంబరులో 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కురిస్తే 4,000 లీటర్లు సంపులోకి దిగుతాయి.

పది వేల లీటర్ల సంపుకు రెండు మీటర్ల లోతు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు చాలు. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు ముప్ఫై లీటర్లు వేసుకోండి. నిండిన సంపు పదకొండు నెలలు వస్తుంది. అంటే అక్టోబరులో నింపుకుంటే మే గడిచిపోతుంది. స్నానాలకు, బట్టలకు ఈ నీళ్లు వాడితే నెలన్నరలో అడుగు కనిపిస్తుంది. వాటికి బోరు, కొళాయి, ట్యాంకరు నీళ్లు ఉండనే ఉన్నాయి. మన పెద్దలు జొన్నలకు పాతర తవ్వుకున్నట్టే ఇది నీళ్లకు పాతర. పాతరలో జొన్నలు పశువులకు వేయరు.

తాగే నీళ్లను ఇలా విడిగా ఉంచమనడానికి ఇంకో పెద్ద కారణం ఫ్లోరైడ్. జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో అది హద్దు దాటి ఉంటుంది. 1990లలో సత్యసాయి ట్రస్టు వందల గ్రామాలకు పైపుల్లో తాగునీరు తెచ్చిందంటే ఈ అవస్థను చూసే. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే ఒకటిన్నర. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది. ఆర్వో మిషను తీసేస్తుంది గానీ దానికీ కరెంటు కావాలి, చాలా మిషన్లు ఇచ్చే నీళ్లకన్నా పారబోసేవే ఎక్కువ. వాన నీటిలో ఈ బెడద లేదు. అందుకే వాన సంపులో ట్యాంకరు నీళ్లు కలపకండి. స్థలం ఉంటే మధ్యలో గోడ కట్టి రెండు అరలు చేయించండి.

కట్టించేటప్పుడు మేస్త్రీలు తేలిగ్గా తీసుకునేది తొలివాన. వేసవంతా మిద్దె మీద మిరపకాయలు, వడియాలు, వేరుశనగ ఎండబెట్టి ఉంటాం. పావురాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందు మిద్దె ఊడ్చి కడగాలి. ఆ తర్వాత కూడా మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వాన, అంటే మన మిద్దె మీద వంద నుంచి రెండు వందల లీటర్లు, బయటికి పోవాలి. నాలుగంగుళాల పైపు ముక్కకు మూత బిగించి "ఇందులో ఆగుతుంది సార్" అంటారు. మీటరు పైపులో పట్టేది ఎనిమిది లీటర్లే. రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ము పెట్టించండి, లేదా సంపులోకి దిగే వంపు ముక్కను జిగురు వేయకుండా వదిలేసి, వాన మొదలైన పావుగంట తర్వాత చేత్తో బిగించండి. పైపు నోటికి సన్న జాలీ, సంపుకు దోమ దూరని మూత తప్పనిసరి. మూతకు కడప బండ గట్టిదే, కానీ ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఒంటిచేత్తో ఎత్తలేరు. బండలో అడుగున్నర రంధ్రం కొట్టించి దానికి తేలికపాటి మూత పెట్టించండి. కరెంటు లేని రోజున బక్కెటు, తాడు దిగేది అందులోంచే. సంపు నిండి పొర్లే నీళ్లను పాత బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే బోరుకూ కాస్త ఊపిరి వస్తుంది.

ఇప్పుడు కర్నూలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊరిని ముంచినప్పుడు ఇళ్లలోకి బురద, మురుగు కలిసి వచ్చాయి. అలాంటి చోట నేలలోని సంపు మొదట పాడయ్యేది, బోరు కేసింగు (బోరులో దించిన గొట్టం) పైఅంచు వరద మట్టానికి కింద ఉంటే తర్వాతది అదే. అక్కడ మొదటి రూపాయి మిద్దె మీది ట్యాంకుకు పెట్టాలి. వెయ్యి లీటర్లు ఉన్నా తాగడానికి, వంటకు నెల రోజులు. వరద కబురు రాగానే అది నింపి, ఇంట్లోకి వెళ్లే వాల్వు కట్టేయాలి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు మీదపడిన అప్పటి కడప జిల్లా ఊళ్లలోనైతే ఏ ట్యాంకూ లెక్కలోకి రాదు, ముందు మెరక చేరాలి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు కూడా మునిగాయి కాబట్టి, వంక పక్క ఇళ్ల వాళ్లు తమను కర్నూలు లెక్కలోనే వేసుకోవడం మంచిది.

మురుగు దిగిన సంపును తోడి, రుద్ది కడిగాకే మళ్లీ నింపాలి. నింపిన నీళ్లకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. ముందు బక్కెట్లో కలిపి, పౌడరులోని సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే పోసి, గంట ఆగి వాడుకోవాలి. తెరిచి ఉంచిన పొట్లంలో బలం తగ్గిపోతుంది కాబట్టి కొత్తది కొనండి. సంపు శుభ్రం చేసేటప్పుడు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి. లోపల ఊపిరి ఆడక మనుషులు పోయిన వార్తలు తరచూ చూస్తున్నాం. దిగే మనిషి నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు నిలబడాలి. లోపలి మనిషి పలకకపోతే కాపాడదామని రెండో మనిషి దిగకూడదు, తాడు పట్టి పైకి లాగాలి.