బాస్క్ మాడ్ రివ్యూ: గుర్రాలు అదిరాయి, ఊళ్లే మాయం

ముందే చెప్పేస్తున్నా, ఆటగా ఈ మాడ్ బాగుంది, చరిత్రగా సగమే బాగుంది. పాత రోమ్ కాలపు యుద్ధాల పీసీ గేమ్ టోటల్ వార్ రోమ్ 2కి ఫ్యాన్స్ చేసిన ఫ్రీ మాడ్ (గేమ్‌ని మార్చే యాడ్-ఆన్) ఇది. అసలు గేమ్‌లో స్పెయిన్-ఫ్రాన్స్ సరిహద్దులో ఉండే బాస్క్‌ల పూర్వీకుల్లో చెప్పుకునే వాస్కోన్లతో ఆడే ఛాన్సే లేదు కాబట్టి మా అమీర్‌పేట బ్యాచ్ మొత్తం దీని మీద పడ్డాం.

మొదటి టర్న్‌లోనే తేడా కొట్టింది. సైన్యమంతా తోళ్లు కప్పుకుని కేకలేసే కొండజనం. వాస్కోన్ల నేల పిరెనీస్ కొండల నుంచి ఎబ్రో నది మైదానం దాకా ఉండేది కదా, పొలాలు, ఊళ్లు, సొంత నాణేలు అన్నీ ఉన్నవాళ్లు. హైదరాబాద్ సెట్ వేయమంటే ఖాజాగూడ రాళ్లు పెట్టి ఊరుకున్నట్టుంది. కలగుర్రిస్‌నే తీసుకోండి, గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో దాన్ని వాస్కోన్ల ఊరనే రాశాడు, రోమ్‌పై తిరగబడ్డ రోమన్ సేనాని సెర్టోరియస్ హత్య తర్వాత కూడా రోమ్‌కి లొంగకుండా క్రీ.పూ. 72 దాకా నిలబడింది, చివరికి ఆకలికి మనుషుల మాంసం తిన్నారని కూడా రోమన్లు రాసుకున్నారు. మాడ్‌లో ఆ ఊరికి చెక్క కంచె ఒక్కటే, చిటికెలో పడిపోతుంది.

గుర్రపు దళం మాత్రం సూపర్. చిన్న గుండ్రటి డాలు, చేతిలో ఈటెలు, విసిరి వెనక్కి తిరిగే ఆ యానిమేషన్ చూస్తూ కూర్చోవచ్చు. క్రీ.పూ. 89లో ఎబ్రో లోయ నుంచి వెళ్లిన 30 మంది రౌతులకి రోమ్ పౌరసత్వం ఇచ్చినట్టు చెప్పే కంచు ఫలకం నిజంగానే ఉంది, దాన్ని ఈవెంట్‌గా పెట్టిన మాడర్‌కి దండం పెట్టాలి.

జెండా మీద ఇరులెగి చెయ్యి (చెయ్యి ఆకారపు కంచు పలక) వేశారు, 2021లో స్పెయిన్‌లోని పాంప్లోనా దగ్గర దొరికిందే. కానీ వేళ్లు పైకి పెట్టారు! అసలుదానికి మణికట్టు వైపు మేకు చిల్లు ఉంది, వేళ్లు కిందికి ఉండేలా తగిలించేవారు. పైగా అది క్రీ.పూ. ఒకటో శతాబ్దపు వస్తువు, క్యాంపెయిన్ మొదలయ్యేదేమో క్రీ.పూ. 272లో. సర్లే, చూడ్డానికి బాగుంది, వదిలేద్దాం.

వదల్లేనిది పిరెనీస్‌కి ఉత్తరాన ఉండే అక్విటానీల సంగతి. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు జనం) సైన్యానికే రంగు మార్చి ఇచ్చేశారు. వీళ్ల భాష, ఆచారాలు, చట్టాలు గాల్‌ల కంటే వేరని రోమన్ సేనాని సీజర్ తన గాల్ యుద్ధాల పుస్తకం మొదట్లోనే చెప్పాడు, స్ట్రాబో అయితే వీళ్లు ఐబీరియన్లలా ఉంటారన్నాడు. క్రీ.పూ. 56లో సోటియాటెస్ అనే అక్విటానీ తెగ నాయకుడి వెంట, అతను పోతే తామూ పోవాలని ఒట్టేసుకున్న 600 మంది ఉన్నారు. ఎంత మంచి బాడీగార్డ్ యూనిట్ అయ్యేది! అదీ లేదు.

8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో టర్న్ అయ్యేలోపు ఇరానీ చాయ్ తాగి రావచ్చు. పాత సేవ్‌లో పెడితే క్రాష్ అవుతోంది, కొత్త క్యాంపెయిన్‌లోనే మొదలుపెట్టండి, అది కూడా వాస్కోన్లతోనే. 5కి 3.