బడి మాన్పించి చదరంగమా, బడితోపాటు చదరంగమా: ఏది మేలు?

హనుమకొండలోనో కాజీపేటలోనో ఎనిమిదేళ్ల పిల్లవాడు జిల్లా చదరంగం పోటీలో కప్పు గెలుచుకొని ఇంటికి రాగానే పెద్దల మధ్య ఒక చర్చ మొదలవుతుంది. వీడిని బడి మాన్పించి పూర్తిగా ఆటలోనే పెడదామా, లేక చదివిస్తూనే ఆడిద్దామా అని. ఈ చర్చకు వరంగల్‌లో బలమైన కారణమే ఉంది. 2003లో ఇక్కడ పుట్టిన ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబర్‌లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) జాబితాలో 2801 రేటింగుతో (ఆటగాడి బలాన్ని చూపే అంకె), విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడిగా నిలిచాడు. అదే ఏడాది బుడాపెస్ట్‌లో దేశాల జట్లు తలపడే చదరంగ ఒలింపియాడ్‌లో భారత జట్టు తరఫున మూడో బోర్డు మీద పదకొండు ఆటల్లో పది పాయింట్లు సాధించి, జట్టు స్వర్ణంతోపాటు తన బోర్డు స్వర్ణాన్నీ అందుకున్నాడు. వరంగల్‌కే చెందిన రాజా రిత్విక్ 2021లో గ్రాండ్‌మాస్టర్ (చదరంగంలో అత్యున్నత హోదా) అయ్యాడు. ఇన్ని చూసిన తల్లిదండ్రులకు మా పిల్లవాడు ఎందుకు కాకూడదన్న ఆశ కలగడం సహజం, ఆ ఆశను నేను తప్పుపట్టను.

నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. పదమూడు, పద్నాలుగేళ్ల దాకా బడితోపాటు చదరంగం ఆడించడమే మేలు. నిజమైన మేధావి ఎంత అరుదో, అతణ్ని ఎనిమిదేళ్ల వయసులో గుర్తుపట్టడం అంత కష్టం. ఎవరు మేధావో తెలియనప్పుడు, బిడ్డ మేధావి అయినా కాకపోయినా నష్టం రాని దారినే ఎంచుకోవాలి.

అయితే మొదటి దారికి ఉన్న బలాన్ని తక్కువ చేయకూడదు. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్లడం మానేశాడు. శస్త్రవైద్యుడైన తండ్రి కొడుకు వెంట పోటీలకు తిరగడం కోసం తన ప్రాక్టీసు వదులుకున్నాడు. ఆ కుర్రవాడు 2019 జనవరిలో 12 ఏళ్ల 7 నెలల 17 రోజులకు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. అంతకు చాలా ముందే కోనేరు అశోక్ అధ్యాపక ఉద్యోగం వదిలి కూతురు హంపికి తానే శిక్షకుడయ్యాడు. హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి, అతి చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళగా అంతవరకు హంగేరీ క్రీడాకారిణి జూడిట్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును దాటింది.

ఈ దారి ఎందుకు ఫలిస్తుందో చెప్పే శాస్త్రమూ ఉంది. చేస్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, నిజమైన ఆటలోని ఒక స్థితిని ఆటగాళ్లకు ఐదు సెకన్లు చూపించి, పావులను గుర్తుంచుకొని మళ్లీ పేర్చమన్నారు. నిపుణుడు చాలా పావులను సరైన గడుల్లో పెట్టగా, కొత్తవాడు నాలుగైదుతో ఆగిపోయాడు. అవే పావులను ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టి చూపించినప్పుడు మాత్రం ఇద్దరి మధ్య తేడా దాదాపు మాయమైంది. అంటే నిపుణుడి దగ్గర ఉన్నది అసాధారణమైన జ్ఞాపకశక్తి కాదు, వేల ఆటల ద్వారా మనసులో పోగుపడిన పావుల అమరికలు. వాటిని పోగుచేయడానికి గంటలు కావాలి, ఆ గంటలు చిన్నతనంలోనే దొరికితే మంచిది, బడి ఆ గంటలను మింగుతుంది. మొదటి దారి పట్టేవారి వాదన ఇదే, ఇది తేలికైన వాదన కాదు.

ఆ వాదనకు ఎక్కువగా చూపించే ఉదాహరణ హంగేరీలోని పోల్గార్ కుటుంబం. మేధావులు పుట్టరని, పెంపకంతో తయారవుతారని నమ్మిన లాస్లో పోల్గార్ తన ముగ్గురు కూతుళ్లను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించి చదరంగం నేర్పాడు. పెద్దమ్మాయి సుసాన్ 1991లో గ్రాండ్‌మాస్టర్, 1996లో మహిళల ప్రపంచ విజేత అయింది. చిన్నమ్మాయి జూడిట్ 1991 చివర 15 ఏళ్ల 4 నెలలకు గ్రాండ్‌మాస్టర్ అయి, బాబీ ఫిషర్ 1958లో నెలకొల్పిన రికార్డును చెరిపేసింది. తర్వాత పురుషులూ ఉన్న ప్రపంచ జాబితాలో ఎనిమిదో స్థానానికి ఎదిగింది. మధ్యమ్మాయి సోఫియా గ్రాండ్‌మాస్టర్‌కు ఒక మెట్టు కిందిదైన ఇంటర్నేషనల్ మాస్టర్ హోదా దగ్గర ఆగింది. ఒకే ఇల్లు, ఒకే తండ్రి, ఒకే శిక్షణ, అయినా ముగ్గురూ చేరిన ఎత్తులు మూడు. శిక్షణ ముగ్గురినీ చాలా దూరం తీసుకువెళ్లింది, కానీ జూడిట్‌ను జూడిట్‌గా చేసిన ఆ చివరి మెట్టు శిక్షణ ఒక్కదానితో వచ్చింది కాదు. ఈ కుటుంబాన్ని ఉదాహరణగా చెప్పేవారు మరిచిపోయే సంగతి మరొకటి ఉంది. లాస్లో తానే ఉపాధ్యాయుడు. బడి మాన్పించినా చదువు మాన్పించలేదు, భాషలూ గణితమూ ఇంట్లోనే సాగాయి. మన ఊళ్లో బడి మాన్పించే తండ్రి పొద్దున దుకాణానికో ఆఫీసుకో వెళ్లిపోతాడు, పిల్లవాడు ఫోన్‌లో మూడు నిమిషాల ఆటలు ఆడుతూ ఇంట్లో మిగులుతాడు. ఈ రెంటినీ ఒకే దారి అనుకోవడం సరికాదు.

గంటల విషయంలోనూ లెక్క అంత సూటిగా లేదు. అర్జెంటీనా ఆటగాళ్లపై గోబే, కాంపిటెల్లి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మాస్టర్ స్థాయికి చేరడానికి ఒకరికి సుమారు 3,000 గంటల సాధన సరిపోగా, మరొకరికి 23,000 గంటలకు పైగా పట్టింది. కొందరు అంతకన్నా ఎక్కువ సాధన చేసి కూడా ఆ స్థాయిని అందుకోలేదు. రోజుకు మూడు గంటల చొప్పున లెక్కిస్తే మొదటివాడికి మూడేళ్లలోపు పని, రెండోవాడికి ఇరవై ఏళ్ల పైమాట. బడి మాన్పించడం వల్ల గంటలు పెరుగుతాయి, కానీ ఒక గంటలో బిడ్డ ఎంత గ్రహిస్తాడన్నది పెరగదు. బిడ్డ మొదటివాడికి దగ్గరైతే బడితోపాటు దొరికే గంటలే చాలినన్ని, రెండోవాడికి దగ్గరైతే పన్నెండు గంటల రోజులు కూడా బాల్యాన్ని ఖర్చు చేస్తాయే తప్ప ప్రపంచ స్థాయికి చేర్చవు. పూర్తికాలం శిక్షణ నిజంగా అవసరమయ్యేది ఈ రెండు స్థితుల మధ్య ఉన్న కొద్దిమందికి, అదీ కాస్త పెద్దయ్యాక.

మరి చిన్నప్పటి పతకాలు ఏమీ చెప్పవా అంటే, చెప్పేది తక్కువే. ఏడేళ్లలోపు, తొమ్మిదేళ్లలోపు విభాగాల్లో గెలిచేవాడు చాలాసార్లు మిగతావారికన్నా ఒకటి రెండేళ్ల ముందు మొదలుపెట్టినవాడు. ఆ వయసులో రెండేళ్ల సాధన చాలా పెద్ద తేడా, పద్నాలుగేళ్లకు అదే తేడా కనిపించకుండా పోతుంది. రేటింగు కూడా ఇలాగే భ్రమ పెడుతుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 2300 చేరేదాకా, ఒక్కో ఆటతో రేటింగు ఎంత మారాలో నిర్ణయించే గుణకం ఫిడే లెక్కలో 40 కాబట్టి, ఒక్క మంచి టోర్నమెంటుతో వందకు పైగా పాయింట్లు కలిసిరావచ్చు, ఒక్క చెడ్డ టోర్నమెంటుతో పోనూవచ్చు. 2300 దాటాక గుణకం 20కి, 2400 చేరాక 10కి తగ్గుతుంది. ఆ తర్వాతి పెరుగుదలనే నేను నమ్ముతాను.

ఎవరు ఎప్పుడు గ్రాండ్‌మాస్టర్ అయ్యారన్నది కూడా ఆఖరి ఎత్తును చెప్పదు. గుకేశ్, ప్రజ్ఞానంద ఇద్దరూ పన్నెండేళ్లకే ఆ హోదా పొందారు. అర్జున్‌కు అది 2018లో, 14 ఏళ్ల 11 నెలలు నిండాక వచ్చింది. అయినా ఈ ముగ్గురిలో 2800ను ముందుగా తాకినవాడు అర్జునే. ఆనంద్ 1988లో, పద్దెనిమిదేళ్ల వయసులో, దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన ఆ మనిషి చెన్నై లయోలా కళాశాలలో కామర్స్ డిగ్రీ కూడా చదివాడు.

ఈ విషయంలో నాకు ఎంతో విలువైనదిగా తోచేది శామ్యూల్ రెషెవ్‌స్కీ జీవితం. పోలండ్‌లో పుట్టిన ఈ బాలుణ్ని 1920లో తల్లిదండ్రులు అమెరికాకు తీసుకువెళ్లి, ఊరూరా తిప్పి, ఒకేసారి ఇరవై మంది పెద్దలతో ఆడించేవారు. బడి ముఖం చూడని ఆ పిల్లవాడి సంగతి చివరికి న్యూయార్క్ కోర్టుదాకా వెళ్లింది. షికాగో వ్యాపారి జూలియస్ రోసెన్‌వాల్డ్ అతనికి ఆర్థికంగా అండగా నిలుస్తానని, కానీ చదువు పూర్తిచేయాలని షరతు పెట్టాడు. రెషెవ్‌స్కీ కొన్నేళ్లు పెద్ద పోటీలకు దూరంగా ఉండి షికాగో విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదివాడు. ఆ విరామంతో ఆట పోలేదు. 1935లో మార్గేట్‌లో మాజీ ప్రపంచ విజేత కాపబ్లాంకాను ఓడించి టోర్నమెంటు గెలిచాడు, 1936లో అమెరికా విజేత అయ్యాడు, 1948లో ప్రపంచ కిరీటం కోసం ఆడిన ఐదుగురిలో ఒకడయ్యాడు. ప్రదర్శనలకు తిరిగిన కాలంకన్నా చదువుకున్న కాలమే ఆ మనిషిని కాపాడిందని నా నమ్మకం.

బిడ్డలో ఏదో ఉందని ఎలా తెలుస్తుందని అడిగేవారికి నేను ఆట ముగిశాక జరిగేది చూడమంటాను. హనుమకొండలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన పోటీలో, పరకాల వైపు నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పాప ఏనుగుల ఎండ్‌గేమ్‌లో (ఆట చివరి దశలో) ఓడిపోయి బయటికి వచ్చింది. టిఫిన్ డబ్బా తెరిచి పెట్టుకున్న తల్లి "తిందువుగాని రా బిడ్డా" అని పిలుస్తున్నా, ఆ పాప వరండాలో నేల మీద చుట్ట విప్పిన ప్లాస్టిక్ బోర్డు పరచి, స్కోర్ షీటు చూస్తూ, ఓటమి మొదలైన స్థితిని మళ్లీ పేర్చింది. "ఆగమ్మా, ఇక్కడ నా రాజు ముందుకు పోవాల్సుండె" అని ఒక ఎత్తు ఆడి, కాదనుకొని, ఇంకొకటి ఆడింది. ఆమెను ఓడించిన పిల్లవాడిని అప్పటికే తండ్రి ఎన్ని పాయింట్లు వచ్చాయో లెక్కగట్టుకుంటూ తీసుకువెళ్లిపోయాడు. ఆ పాప గ్రాండ్‌మాస్టర్ అవుతుందని నేను చెప్పలేను. కానీ ఎవరూ చెప్పకుండా తన తప్పు దగ్గరికి తానే తిరిగి వెళ్లే ఆ గుణం ఏ అకాడమీ నేర్పలేనిది, బడికి వెళ్లినంత మాత్రాన పోనిది.

ఇక రెండో దారికి ఉన్న లోపాన్ని దాచడం న్యాయం కాదు. మన దగ్గర బడితోపాటు అంటే, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, సాయంత్రం స్టడీ అవర్స్, ఆదివారం పరీక్ష అని అర్థమయ్యే కార్పొరేట్ బడులున్నాయి. అలాంటి బడిలో ఉంచి రాత్రి తొమ్మిది తర్వాత చదరంగం నేర్పిస్తామంటే అది రెండు పనులనూ పాడుచేస్తుంది. చదరంగానికి నిజమైన పోటీ బడి కాదు, బడి ముగిశాక కూడా ముగియని ఆ చదువే. నాలుగు గంటలకు వదిలిపెట్టే మామూలు బడి ఇంటికి దగ్గరలో దొరికితే, రోజుకు రెండు గంటలు, సెలవుల్లో నాలుగైదు గంటలు, ఏడాదికి కొన్ని రేటింగ్ టోర్నమెంట్లు హాయిగా సర్దుకుంటాయి. టోర్నమెంట్ల కోసం సెలవులిచ్చే ప్రధానోపాధ్యాయుడు దొరకడం మంచి కోచ్ దొరకడంతో సమానమని నేను అంటాను.

ఇల్లు మార్చి హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లడం మూడో దారి. మంచి కోచ్‌లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నారు, స్టాక్‌ఫిష్ లాంటి చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్ (ఇంజిన్) ఉచితంగా దొరుకుతుంది కాబట్టి, పన్నెండేళ్లలోపు బిడ్డ కోసం సంసారాన్ని తరలించడంలో నాకు లాభం కనిపించదు.

బడి వదలక తప్పని వయసంటూ వస్తే అది సుమారు పద్నాలుగు. అప్పటికి రేటింగు 2300 దాటి, గుణకం తగ్గాక కూడా పెరుగుతూ, నార్మ్‌ల (హోదాకు లెక్కలోకి వచ్చే టోర్నమెంటు ప్రదర్శనల) కోసం నెలల తరబడి బయట ఆడాల్సిన స్థితి వస్తే, గ్రాండ్‌మాస్టర్ హోదాకు కావలసిన మూడు నార్మ్‌లు, 2500 రేటింగు సాధించడానికి మామూలు బడి హాజరు నిజంగానే అడ్డొస్తుంది. అప్పుడు కూడా చదువును పూర్తిగా తెంచుకోనక్కరలేదు. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో పద్నాలుగేళ్లు నిండినవారు నేరుగా పదో తరగతికి చేరవచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనవసరం లేదు. వేసవిలో యూరప్‌లో ఆడుతున్న కుర్రవాడు గణితం, తెలుగు అక్టోబరు విడతలో రాసుకోవచ్చు.