మెదడు పరిశోధనలో మన చూపుకూ పని ఉంది: స్టాల్ క్యాచర్స్ సమీక్ష

అల్జీమర్స్ పరిశోధనలో సామాన్యులకు చేయడానికి ఏముంటుందని అనుకునేవారు ఒకసారి స్టాల్ క్యాచర్స్ తెరిచి చూడాలి. హ్యూమన్ కంప్యుటేషన్ ఇన్‌స్టిట్యూట్ సంస్థ, కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి 2016లో ప్రారంభించిన ఈ ఆన్‌లైన్ ఆటకు రుసుము లేదు, వైద్య పరిజ్ఞానమూ అక్కరలేదు.

తెర మీద కనిపించేది బతికున్న ఎలుక మెదడులోని రక్తనాళాల చిత్రమాలిక. అందులో గీత గీసి చూపిన ఒక్క నాళంలో రక్తం ప్రవహిస్తోందా, ఆగిపోయిందా అన్నదే ప్రశ్న. ఎలుక రక్తంలోకి ఎక్కించిన మెరిసే రంగు, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో మాత్రమే కలుస్తుంది కనుక రక్తకణాలు నల్లని మచ్చల్లా మిగిలిపోతాయి. ఆ మచ్చలు చోటు మారుతుంటే ప్రవాహం ఉన్నట్టు, ఒక మచ్చ ఉన్నచోటనే నిలిచిపోతే నాళం మూసుకుపోయినట్టు. చెప్పుకోవడానికి ఇది తేలికే. అయితే ఫ్రేము మారినకొద్దీ చూపు మెదడులోకి మరికాస్త లోతుకు దిగుతుంది, అందువల్ల ఏ నాళమైనా కొన్ని ఫ్రేములపాటే స్పష్టంగా కనబడుతుంది. ఆ కొద్దిపాటిలోనే ఫ్రేములను మార్చే పట్టీని ముందుకూ వెనక్కూ జరుపుతూ నిదానంగా పరిశీలించాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, అల్జీమర్స్ లక్షణాలు కలిగించిన ఎలుకల్లోనూ మూసుకుపోయే కేశనాళికలు (అతి సన్నని రక్తనాళాలు) సుమారు 2 శాతమే. అంత తక్కువే అయినా, వాటి ప్రభావం మెదడు రక్తసరఫరా మొత్తం మీద పడుతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు నాళపు గోడలకు అతుక్కోవడమే దీనికి కారణమనీ, ఆ అతుకును విడిపిస్తే రక్తప్రవాహంతో పాటు ఎలుకల జ్ఞాపకశక్తి కూడా మెరుగుపడిందనీ కార్నెల్ బృందం 2019లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వెల్లడించింది. ఇలాంటి ప్రతి ప్రశ్నకూ వేల నాళాలను ఒక్కొక్కటిగా చూడాలి. ప్రయోగశాలలో పని ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

నాకు బాగా నచ్చినది దీని నిర్మాణంలోని నిజాయితీ. ఒకే నాళాన్ని పలువురికి చూపించి, వారి జవాబులను కలిపి నిర్ణయానికి వస్తారు. జవాబు ముందే తెలిసిన నాళాలను మధ్యమధ్య చూపించి, ఎవరి చూపు ఎంత నమ్మదగినదో కొలుస్తారు. కాబట్టి కొత్తవారి పొరపాటు ఫలితాన్ని చెడగొడుతుందన్న భయం అక్కరలేదు.

పాయింట్ల పట్టిక విషయంలో మాత్రం నాకు భిన్నాభిప్రాయం ఉంది. పోటీ ఉత్సాహాన్నిస్తుంది, కానీ నిదానం కావలసిన పనికి తొందర నేర్పుతుంది. పైగా సామాన్యులు చేయి కలిపే ఇలాంటి పరిశోధనల్లో పాల్గొనేవారికి జవాబులిచ్చే పాత్రే కాక, ప్రశ్నలు రూపొందించే చర్చల్లోనూ చోటు దక్కాలని నా కోరిక. చేరదలచినవారు వీలైతే ఫోను కన్నా పెద్ద తెర మీద మొదలుపెట్టండి, పాయింట్లను పట్టించుకోకుండా సందేహం వచ్చిన ప్రతి నాళాన్నీ మరోసారి చూడండి.